ఏటిమొగలో ఒక సాయంకాలం

కూచిపూడిలో తెల్లవారినాక పడుకోవడం ఎవరి తరమూ కాదు. కాకి అరవకముందే ఏ వీధిలోనో తట్టుకర్ర టకటకమంటుంది. దాని వెనుకనే పసిపిల్లల పాదాలు నేలను తట్టడం మొదలవుతుంది. చుట్టపుచూపుగా వచ్చినవాళ్ళు మొదటిరోజు విసుక్కుంటారు, రెండోరోజు లేచి కూర్చుంటారు, మూడోరోజు తాళం వేస్తారు.

మాఘపున్నమికి హంసలదీవిలో సముద్రస్నానం చేయాలని మా ఆవిడ ఎన్నేళ్ళుగానో అంటున్నది. ఈసారి ఎలాగో కుదిరింది. రెండురోజులు ముందుగా కూచిపూడిలో మా అక్కయ్య ఇంట్లో దిగాము. మొదటి తెల్లవారుజామున నిద్ర పాడై వీధిలోకి వచ్చాను. ఎదురింటి పందిరిలో ఒక పెద్దాయన పీటమీద కూర్చుని, కళ్ళు మూసుకుని కర్ర వేస్తున్నారు. ఎదుట పన్నెండుమంది ఆడపిల్లలు. ఉన్నట్టుండి కర్ర ఆగింది.

"వెనుక వరుసలో ఎవరమ్మా? ఎడమకాలు ఆలస్యంగా పడుతున్నది."

ఆయన కళ్ళు తెరవలేదు. వెనుక వరుసలోని ఒక పిల్ల నాలుక కరుచుకున్నది.

నా వెనుక ఎవరో నవ్వారు. మా మేనకోడలు. "చూచావా మామయ్యా? నేను చదువుతున్న చదువూ ఇదే" అన్నది.

ఈ పిల్ల పదేళ్ళపాటు ఆ పందిరిలోనే నాట్యం నేర్చింది. ఇప్పుడు సముద్రశాస్త్రం చదువుతున్నది. "కాలికి గజ్జె కట్టించాను. ఇదేమో చెవికి వైరు తగిలించుకుని ఉప్పునీళ్ళ దగ్గర కూర్చుంటున్నది" అని మా అక్కయ్య బాధ. ఆ వైరు సంగతేమిటో నాకు అప్పటివరకు తెలియదు. హంసలదీవి నుంచి తిరిగివచ్చేముందు ఒక సాయంకాలం తనతో ఏటిమొగకు రమ్మని అడిగింది. సరేనన్నాను.

కూచిపూడి నుంచి దక్షిణంగా పోతే దారి పొడుగునా కథలే. ప్రక్కనే మొవ్వ, క్షేత్రయ్యగారి వూరు. తరువాత చల్లపల్లి, జమీందారుల కోట. మోపిదేవిలో సుబ్రహ్మణ్యస్వామికి పిల్లల పుట్టువెంట్రుకలు ఇచ్చేవారు, చెవులు కుట్టించేవారు ఏ రోజు చూచినా కనబడతారు. అవనిగడ్డ దాటితే నేల మరింత బల్లపరుపుగా అవుతుంది. వరిచేలు తగ్గి చేపల చెరువులు, రొయ్యల చెరువులు మొదలవుతాయి. కృష్ణ పాయలుగా చీలి సముద్రాన్ని వెతుక్కుంటూ పోయే ఈ నేలనే దివిసీమ అంటారు.

హంసలదీవిలో పున్నమి జాతర వైభవం ఎంత చెప్పినా తక్కువే. పాపాలు కడుగుకొనడానికి కాకిరూపంలో వచ్చిన గంగ ఇక్కడ మునిగి హంస అయిందని స్థలపురాణం. వేణుగోపాలస్వామిని దర్శించి, ఇసుకలో నడిచి సంగమం చేరి, మేమూ మూడు మునకలు వేశాము. మా ఆవిడ మాత్రం ముక్కు మూసుకుని మునిగి లేచి, "నీళ్ళలో చెవుల్లో ఏదో చిటపటమన్నదండీ" అన్నది. మా మేనకోడలు ముఖం విప్పారింది. "అత్తయ్యా, నువ్వు విన్నది నిజమే. రేపు మామయ్యకు వినిపిస్తాను" అన్నది.

మరునాటి సాయంకాలం నాలుగు గంటలకు నాగాయలంక మీదుగా ఏటిమొగ చేరాము. ఊరి పేరులోనే దాని సంగతి వున్నది. ఏటి నోటి దగ్గర వూరు. ఎదుట ఎదురుమొండి దీవి. పాటు మొదలై, నీళ్ళు మెల్లగా సముద్రంవైపు జారుతున్నాయి. ఒక పెద్దాయన తన ఫైబరు పడవలో మమ్మల్ని ఎక్కించుకున్నారు. ఆయనకు అరవై దాటి వుంటాయి. మనిషి ఎండిన మడకర్రలా వున్నారు.

రేవు వదలి ఒక పాయలోకి తిరిగేసరికి మడచెట్లు దగ్గర దగ్గరగా వచ్చాయి. బురదలోనుంచి పైకి పొడుచుకు వచ్చిన వేళ్ళు, వాటి మధ్య ఎర్రకొండి పీతలు, కొమ్మమీద కదలకుండా కూర్చున్న కొంగ. ఈ ప్రాంతంలోని మడ అడవిని 1989లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. చేపలు పట్టుకుని తినే బావురుపిల్లి ఇక్కడి అపురూపమైన జంతువు. మాకు కనబడలేదు. "అది మనల్ని చూస్తూనే వుంటుందండి" అన్నారు పెద్దాయన.

"బాబాయ్, ఇక్కడ ఇంజను ఆపుతారా?" అన్నది మా మేనకోడలు.

ఇంజను ఆగింది. ఒక్కసారిగా ఎంత నిశ్శబ్దమో! సంచిలోనుంచి బొటనవేలంత నల్లని వస్తువును తీసింది. దానికి పొడవాటి వైరు. దాని పేరు హైడ్రోఫోను, అంటే నీళ్ళలో వినే మైకు. లోపల ఒక ప్రత్యేకమైన పింగాణీ ముక్క వుంటుంది. దానిమీద ఒత్తిడి పడితే స్వల్పంగా విద్యుత్తు పుడుతుంది. నీళ్ళలో శబ్దమంటే ఒత్తిడి హెచ్చుతగ్గులే కదా. ఆ హెచ్చుతగ్గులు విద్యుత్తుగా మారి, చేతిలోని చిన్న పెట్టెలో రికార్డు అవుతాయి.

వైరును నీళ్ళలోకి జారవిడిచి, చెవిగొట్టాలు నాకు తగిలించింది.

ముందు ఏమీ తెలియలేదు. పిమ్మట మంగలంలో పేలాలు వేయించినట్టు చిటపట, చిటపట. ఒకచోట కాదు, అన్ని వైపులనుంచీ. నేను తుళ్ళిపడి నీళ్ళవైపు చూచాను. నీరు అద్దంలా కదలకుండా వున్నది. చెవులకు మాత్రం పెళ్ళివారి వంటసాల!

"రొయ్యలు మామయ్యా. మనం తినేవి కావు. వేలెడంత వుంటాయి. ఒక కొండి చిన్నది, ఒక కొండి పెద్దది. పెద్ద కొండితో చిటిక వేస్తాయి" అన్నది.

ఆ చిటిక కథ వింటే ముక్కుమీద వేలు వేసుకోవలసిందే. కొండి రెండు అంచులూ కొట్టుకుని శబ్దం వస్తుందని చాలాకాలం అనుకున్నారు. అది పొరపాటని 2000లో హాలెండు, జర్మనీ శాస్త్రజ్ఞులు అతివేగంగా బొమ్మలు తీసే కెమెరాతో తేల్చారు. కొండి మూసుకునే వేగానికి సన్నని నీటిధార చిమ్ముతుంది. ఆ ధారలో ఒక బుడగ పుడుతుంది. బుడగ చుట్టూ వున్న నీటి ఒత్తిడికి నలిగి పగిలినప్పుడు వచ్చే శబ్దమే మనం వినేది. ఆ దెబ్బకు చిన్న పురుగులూ పీతపిల్లలూ మూర్ఛపోతాయి. రొయ్యకు భోజనం సిద్ధం.

పొద్దు వాలింది. చిటపటల అడుగున మరో శబ్దం పుట్టింది. దూరపు వూళ్ళో డప్పు కొట్టినట్టు డుబ్, డుబ్, డుబ్. ఆగింది. మళ్ళీ వచ్చింది. ఈసారి దానికి మరొకటి జవాబు చెప్పినట్టు తోచింది. చెవిగొట్టాలు తీసి పెద్దాయనకిచ్చాను. ఆయన కాసేపు విని, తల పంకించి, "గొరసలమ్మా" అన్నారు, ఎవరూ అడగకుండానే.

మా మేనకోడలు ఆశ్చర్యపోయింది. "గొరసల కుటుంబమే అయివుండాలి. కాని గట్టిగా చెప్పాలంటే చేపను పట్టి పోల్చుకోవాలి. మీకెలా తెలుసు బాబాయ్?"

"మా నాయన వినిపించేవాడు. అప్పుడన్నీ చెక్కపడవలు. తెరచాప దించి, అడుగుచెక్కకు చెవి ఆనించి పడుకునేవాడు. గుంపు వున్నదీ లేనిదీ చెప్పి అప్పుడు వల వేయించేవాడు. ఇప్పుడు ఇంజన్ల రొదలో ఎవరికి వినబడుతుంది?"

ఈ మాట విన్నాక నాకు ఆ పెట్టెమీద గౌరవం పెరిగింది, పెద్దాయన తండ్రిమీద మరీ పెరిగింది. నీళ్ళలో శబ్దం గాలిలోకంటే నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుంది. ఈ వేగాన్ని 1826లో జెనీవా సరస్సులో కొలిచారు. ఒక పడవ దగ్గర నీళ్ళలో గంట కొట్టారు. పదమూడు కిలోమీటర్లకు పైగా దూరంలో మరో పడవలోనుంచి కొలాడన్ అనే ఆయన నీళ్ళలో ముంచిన గొట్టానికి చెవి పెట్టి విన్నాడు. సెకనుకు 1435 మీటర్లని లెక్క తేలింది. ఏ యంత్రాలూ లేని ఆ రోజుల్లో వేసిన లెక్క ఈనాటికీ దాదాపు సరిపోతుంది.

గొరసల సంగీతం మహాయుద్ధకాలంలో అమెరికావారిని కంగారు పెట్టిన ముచ్చట మరొకటి. 1942లో శత్రువుల సబ్‌మెరైన్లు వస్తే తెలియాలని చెసపీక్ అఖాతంలో నీటి అడుగున మైకులు అమర్చారు. సాయంకాలమయ్యేసరికి రోడ్డు పగలగొట్టే యంత్రం పనిచేసినట్టు రొద! తీరా విచారిస్తే అది మన గొరసలకు దాయాదులైన చేపల బృందగానం. అప్పటినుంచి చేపల గొంతులు శాస్త్రజ్ఞులకు ఒక విద్య అయి కూర్చున్నాయి.

మన దేశంలోనూ ఈ పని సాగుతున్నది. గోవాలోని జాతీయ సముద్రవిజ్ఞాన సంస్థవారు జువారీ నది మొగలోనూ, గ్రాండే దీవి దగ్గరా చేపల బృందగానాన్ని రికార్డు చేసి, ఏ వేళ ఏ జాతి పాడుతున్నదో వేరు చేశారు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ బంగాళాఖాతంలో నీటి అడుగు శబ్దాలను కొలిచింది. గాలి హెచ్చితే ఒక రకం హోరు, వాన పడితే ఒక రకం చినుకుల మోత, ఓడ పోతే మరొకటి. నీటి అడుగున కూర్చున్న చెవికి ఆకాశం సంగతులు కూడా తెలుస్తాయన్నమాట.

"విని ఏం చేస్తారమ్మా?" అన్నారు పెద్దాయన. నేను అడగాలనుకుని మొహమాటపడి మానుకున్న ప్రశ్న అది.

మా మేనకోడలు తడుముకోలేదు. "మా గురువుగారు కళ్ళు మూసుకుని ఏ పిల్ల అడుగు తప్పిందో చెబుతారు బాబాయ్. ఎందుకంటే అందరి అడుగులూ సరిగా పడితే ఎలా వుంటుందో ఆయన చెవికి తెలుసు. ఈ పాయలో రొయ్యలు, చేపలు, పోటు, పాటు, అన్నీ సరిగా వున్నప్పుడు ఎలా వినబడుతుందో తెలిస్తే, రేపు ఏది తగ్గినా పట్టుకోవచ్చు. ముందు విని వుంచకపోతే తరువాత ఏం పోయిందో ఎవరూ చెప్పలేరు."

చేపపిల్లలకు కూడా ఈ సందడే దారి చూపుతుందట. ఆస్ట్రేలియా తీరంలో చచ్చిపోయిన పగడపు గుట్టలమీద స్పీకర్లు పెట్టి, బ్రతికి వున్న గుట్టల శబ్దాన్ని వినిపించారు. స్పీకర్లు లేని గుట్టలకంటే అక్కడికి రెట్టింపు చేపలు వచ్చి చేరాయి. ఈ ఫలితాన్ని 2019లో ప్రకటించారు. సందడి వున్న ఇంటికే చుట్టాలు వస్తారని మన పెద్దలకు తెలియనిదా!

ఇక నీటినే కొలిచే ఉపాయం మరింత చిత్రమైనది. ఏటికి ఈ గట్టున ఒక పరికరం, కాస్త దిగువగా ఆ గట్టున మరొకటి పెట్టి, ఒకదానినుంచి మరొకదానికి శబ్దం పంపుతారు. ప్రవాహంతోపాటు పోయే శబ్దం ముందు చేరుతుంది, ఎదురీదేది ఆలస్యమవుతుంది. ఆ తేడానుబట్టి ఎంత నీరు పారుతున్నదో లెక్క కడతారు. జపానులోని హిరోషిమాలో ఓటా నదిమీద ఇలా కొలిచారు. నీళ్ళు వేడెక్కినా, ఉప్పు హెచ్చినా శబ్దం వేగం పెరుగుతుంది. కాబట్టి ఉప్పు ఎంతదూరం ఎగబాకిందో తెలుసుకోవడానికీ అది పనికివస్తుంది.

దివిసీమవారికి ఇది వినోదం కాదు. ఎగువన శ్రీశైలం, నాగార్జునసాగరం, 1957లో కట్టిన ప్రకాశం బ్యారేజీ దాటి వరదలు లేని నెలల్లో కృష్ణ ఇక్కడికి చేరేది కొద్దిపాటి నీరే. ఏరు వెనుకంజ వేస్తే సముద్రం ముందంజ వేస్తుంది. ఉప్పు ఎక్కిన బావి, చౌడుబారిన చేను ఇక్కడ ఏ వూళ్ళో అడిగినా చూపిస్తారు.

చీకటి పడుతుండగా మాట కచ్చిడిచేప మీదికి మళ్ళింది. గోదావరి మొగలో ఒక కచ్చిడి లక్షలు పలికిందని పత్రికలో చదివినవారు మీలోనూ వుంటారు. అదీ గొరసల కుటుంబంలోదే, కాని ఒడ్డూ పొడుగూ వున్నది. "ఒక్కటి పడితే ఆడపిల్ల పెళ్ళి అయిపోతుందండి" అన్నారు పెద్దాయన. ఆ ధరంతా మాంసానికి కాదు, దాని పొట్టలోని గాలితిత్తికి. ఎండబెట్టి విదేశాలకు పంపుతారు.

"ఆ తిత్తి ఏమిటో తెలుసా మామయ్యా?" అన్నది మా మేనకోడలు. "ఈ కుటుంబంలో చాలా జాతులకు మృదంగం అదే. తిత్తికి ఆనుకుని వున్న కండరాలు చకచక అదిరితే తిత్తి మోగుతుంది. గ్రుడ్లు పెట్టే కాలంలో మగచేపలు ఒకచోట చేరి వాయిస్తాయి. ఆడచేపలు విని వస్తాయి."

ఏ మృదంగం వాయించి తన వంశాన్ని నిలబెట్టుకుంటుందో దానికోసమే చేపను చంపుతున్నారన్నమాట. ఎవరిని తప్పు పడతాము? పెద్దాయనకు ఆడపిల్ల పెళ్ళి వున్నది, చేపకు వంశం వున్నది. అవి గుమిగూడి పాడే చోటూ, కాలమూ తెలిస్తే, ఆ కొద్దిరోజులు ఆ చోటు వదలి వల వేసుకోవచ్చు. మన తూర్పుతీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవలకు వేట నిషేధం. ఇంజన్లు ఆగిన ఆ రోజులే చెవి పెట్టి వినడానికి మంచి అదను అంటున్నది ఈ పిల్ల.

అంతసేపూ నెమ్మదిగా వున్న పెద్దాయన, దక్షిణంగా సముద్రంవైపు చూస్తూ, "ఆ రాత్రీ ముందు శబ్దమే వచ్చింది" అన్నారు.

ఏ రాత్రి అని ఇక్కడ ఎవరూ అడగరు. 1977 నవంబరు 19. పెనుగాలితో లేచిన ఉప్పెన దివిసీమను ముంచింది. చనిపోయినవారు సుమారు పదివేలని సర్కారు లెక్క, అంతకంటె చాలా ఎక్కువని జనం లెక్క. ఆయన అప్పటికి చిన్న పిల్లవాడు. "హోరు వినబడుతుంటే గాలి అనుకున్నాము. అది నీరు. మా నాయన నన్ను తాటిచెట్టుకు కట్టాడు. అక్కను కట్టేలోపల..." ఆయన వాక్యం పూర్తి చేయలేదు. మడ దట్టంగా వున్న చోట్ల దెబ్బ కొంత తగ్గిందని మాత్రం కాసేపటికి చెప్పారు.

చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. తరువాత మా మేనకోడలు మెల్లగా చెప్పింది. 1999లో అట్లాంటిక్ సముద్రంలో గెర్ట్ అనే తుపాను పోతున్నప్పుడు, దాని దారిలో నీళ్ళ అడుగున వున్న ఒక హైడ్రోఫోను ఆ హోరును రికార్డు చేసింది. గాలి ఎంత వడిగా వున్నదో శబ్దాన్నిబట్టి అంచనా కట్టవచ్చునని అమెరికా శాస్త్రజ్ఞులు 2008లో చూపించారు. ఇప్పుడు మనకు బందరులో డాప్లర్ రాడారు వున్నది, పైన ఉపగ్రహాలున్నాయి, హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రం సంగతి ఎప్పటికప్పుడు చెబుతున్నది. వాటి స్థానం ఈ నీటిచెవి తీసుకోలేదు. మరో సాక్షిగా మాత్రం నిలబడగలదు.

బందరు పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. 17వ శతాబ్దంలో డచ్చివారూ, ఇంగ్లీషువారూ దిగిన రేవు అది. ఒడ్డు దగ్గర లోతు లేక ఓడలు దూరాన లంగరు వేస్తే, సరుకును చిన్న పడవల్లో చేరవేసేవారు. ఆనాడు లోతు చూడడానికి తాడుకు సీసపుగుండు కట్టి దించేవారు. ఈనాడు అడుగుకు శబ్దాన్ని పంపి, ప్రతిధ్వని ఎంతసేపటికి వచ్చిందో చూస్తారు. ఇసుక మేట వేసి క్షీణించిన ఆ రేవుకు 2023లో కొత్త పోర్టు పనులు మొదలయ్యాయి. కృష్ణాజిల్లావారికి అది తరతరాల కల. కాదనేవారెవరు? కాని అడుగు త్రవ్వే యంత్రాలూ, వచ్చిపోయే ఓడలూ చేసే మోత మంద్రస్థాయిలో వుంటుంది. చేపల మృదంగమూ దాదాపు ఆ స్థాయే. పెళ్ళిలో బ్యాండుమేళం ప్రక్కన వీణ వాయించినట్టు అవుతుంది. ఓడల వేగం తగ్గించడం, పాడే కాలంలో త్రవ్వకం ఆపడం వంటి మార్గాలు లేకపోలేదు. అవి ఫలించాయా లేదా చూడాలంటే, పోర్టు మోత మొదలుకాకముందు తీరం ఎలా వినబడేదో వ్రాసిపెట్టిన కాగితం ఒకటి వుండాలి.

"మా నాయన విన్నది ఎవరూ వ్రాసుకోలేదు. మీరైనా వ్రాసుకోండమ్మా" అన్నారు పెద్దాయన.

ఆ పిల్ల వెంటనే నోటుపుస్తకం తీసి తేదీ, వేళ, పాటు, చంద్రుడు అన్నీ వ్రాసుకున్నది. ఏ నెలలో ఏ చేప ఏ పాయలోకి వస్తుందో ఆయన చెబుతుంటే, చేతిదీపం వెలుగులో నాలుగు పుటలు నిండాయి. తిరిగి వచ్చేటప్పుడు పెద్దాయన చాలాదూరం ఇంజను వేయలేదు. గెడతోనే పడవను నెట్టుకుంటూ వచ్చారు. ఎందుకని మేము అడగలేదు.

మరునాడు తెల్లవారుజామున కూచిపూడిలో తట్టుకర్ర మోగింది. ఈసారి నేను విసుక్కోలేదు. మంచంమీదే కళ్ళు మూసుకుని, వెనుక వరుసలోని ఆ ఎడమకాలు ఈరోజైనా వేళకు పడుతున్నదా అని వింటూ వుండిపోయాను.